పాలమూరు–నల్లగొండ పాటలకే నెలకు 29 రూపాయల ఫోన్ సర్వీసు: నిలబడుతదా?

పాలమూరు_పాట
మహబూబ్‌నగర్, నల్లగొండ, నాగర్‌కర్నూల్, సూర్యాపేట, వనపర్తి, గద్వాల దిక్కు పాటలు మాత్రమే ఉండే ఫోన్ సర్వీసు ఒకటి పెట్టే ఆలోచన నడుస్తున్నది. బతుకమ్మ, ఒగ్గు కథ, చిందు, కిన్నెర, పండరి భజన, జాతర పాటలు, వరి నాటు పాటలు, తండా పాటలు. సినిమా పాట ఒక్కటి ఉండదు. దారులు రెండు. స్మార్ట్‌ఫోన్ ఉన్నోళ్లకు యాప్. కీప్యాడ్ ఫోన్ ఉన్నోళ్లకు ఒక నంబర్, దానికి కొడితే పాట వినొచ్చు. నెలకు 29 రూపాయలు. మొదలు 800 పాటలతోని షురూ.

పెద్ద యాప్‌లల్ల మన పాట దొరకదు, దొరికినా డీజే రీమిక్సే పైకొస్తది. గందుకే గిరాకీ ఉంటదని అంచనా. ఎక్కడ దెబ్బ తింటదో సూటిగ చెప్పుర్రి. "మంచి ఐడియా అన్నా" అనేటోళ్లు జర ఆగుర్రి.

గడియారం_సెంటర్
మంచి ఐడియా అన్నా.

గడియారం_సెంటర్
పరాచికం పక్కన పెడితే, ఆ 29 కట్టేటోడు ఎవడు? పాట వినేటోడు యూట్యూబ్ తెరుస్తడు, నడుమ యాడ్ వస్తే తిట్టుకుంటడు, మళ్ల వింటడు. రోజుకు జీబీన్నర డేటా రీఛార్జ్‌ల ఉండనే ఉంటది, కాబట్టి "మా దాంట్ల డేటా తక్కువ ఖర్చు" అన్న మాట అమ్ముడుపోదు. కీప్యాడ్ ఫోనోడు మెమరీ కార్డు ఏసుకుంటడు. ట్రాక్టరోడు పెన్‌డ్రైవ్ పెడ్తడు. వీళ్లల్ల నెలనెలా కట్టేటోడు ఎవడో ముందు చెప్పు.

లెక్కల_మాస్టర్
ఎంతమంది కడ్తరన్నది తర్వాత. కట్టిన 29లో మీ చేతికి ఎంతొస్తదో ముందు చూద్దాం.

29లో 18 శాతం జీఎస్టీ కలిసి ఉన్నదనుకుంటే అసలు ధర 24.58. ప్లే స్టోర్ ద్వారా చందా తీసుకుంటే గూగుల్ కోత 15 శాతం, అంటే 3.69. మిగిలింది 20.89. పాడినోళ్లకు, రాసినోళ్లకు, వాయించినోళ్లకు సగం ఇద్దామనుకుంటే (అంతకంటే తక్కువిస్తే ఈ సర్వీసు పెట్టుడే దండుగ) మీకు 10.45.

వెయ్యి మంది చందాదారులు ఉంటే నెలకు 10,450. అందులోనే సర్వరు, ఫోన్ లైను, రికార్డింగ్, ఒక మనిషి జీతం. ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేదాంక సర్వీసులకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కాబట్టి మొదట్లో ఆ నాలుగున్నర రూపాయలు మిగులుతయి. అయినా కథ మారదు.

పెద్ద పాటల యాప్‌ల సంగతి చూడుర్రి. గానా 2022లో ఉచితంగా వినే వీలు తీసేసి చందా బాట పట్టింది. రెస్సో 2024 జనవరి 31తో మన దేశంలో బందయింది. వింక్‌ను ఎయిర్‌టెల్ అదే ఏడు మూసేసింది. వాళ్లకు కోట్ల మంది వినేటోళ్లుండిరి, సినిమా పాటలుండె, వెనక పెద్ద కంపెనీలుండె. ఉచితంగా వింటున్న జనాన్ని చందాకు తెచ్చుడు అసుంటోళ్లకే కష్టం.

నాగర్‌కర్నూల్_నర్సి
మాస్టరూ, సర్వరు ఖర్చు లెక్కల ఏసినవా?

కోడ్_కొట్టు
అది నేను ఏస్త. అయిదు నిమిషాల పాట 128 కేబీపీఎస్‌ల (సెకండుకు పోయే డేటా లెక్క) 4.8 ఎంబీ, 64ల 2.4 ఎంబీ. ఒక మనిషి రోజుకు 20 పాటలు 64ల వింటే 48 ఎంబీ, నెలకు 1.44 జీబీ. పెద్ద క్లౌడ్ కంపెనీల లిస్టు ధర మన దేశంలో జీబీకి సుమారు 9 రూపాయలు. అంటే ఒక్కో మనిషికి నెలకు 13 రూపాయలు. లెక్కల_మాస్టర్ మిగిల్చిన 10.45 అక్కడే ఖతం, పైనుంచి రెండున్నర నష్టం.

గాని ఎవ్వడూ నెలకు 600 వేరు వేరు పాటలు వినడు. 30 పాటలే తిప్పితిప్పి వింటడు. ఒకసారి దిగిన పాటను ఫోన్‌లనే దాచి, మళ్ల అడిగితే అక్కడి నుంచే పాడిస్తే 30 పాటలకు 72 ఎంబీ. ఖర్చు 65 పైసలు. కొత్త యాప్‌లు చేసే మొదటి పొరపాటు ఈ దాచుడు లేకుండా ప్రతిసారి సర్వరు నుంచి లాగుడు. డేటా ఫ్రీ ఉన్నది కదా అని వదిలేస్తరు. వినేటోడికి ఫ్రీయే, బిల్లు మనకొస్తది.

ఇంకో మూడు:
యాప్ 12–15 ఎంబీ దాటొద్దు. 2 జీబీ ర్యామ్ ఫోన్లే మీ గిరాకీ.
స్క్రీన్ ఆగిపోంగనే పాట ఆగిపోయిందని ఒక్క స్టారు ఇస్తరు. బ్యాటరీ కాపాడే సెట్టింగ్ యాప్‌ను చంపుతది. పాట నడిచేటప్పుడు నోటిఫికేషన్‌తో ఫోర్‌గ్రౌండ్ సర్వీసుగా (స్క్రీన్ ఆరినా ఆగని పనిగా) నడపాలె. ఆండ్రాయిడ్ 14 నుంచి దాని రకం మీడియా ప్లేబ్యాక్ అని ముందే రాసుకోవాలె, లేకుంటే క్రాషే.
వెతుకుడు. మనోళ్లు తెలుగు పాటను ఇంగ్లీషు అక్షరాలతో కొడ్తరు. బతుకమ్మలో 'తు'కు ఒకరు టి ఒక్కటే, ఇంకొకరు టిహెచ్. 'మ్మ'కు ఒక ఎం, రెండు ఎంలు. ఇవన్నీ ఒకే పాటకు పోయేటట్టు సర్దకుంటే "పాట లేదు" అని వస్తది, యాప్ తీసేస్తరు. మైకు గుర్తు పెట్టి నోటితో చెప్పే వీలిస్తే ఇంకా నయం.

గడియారం_సెంటర్
"యాప్ తీసేస్తరు" కాదు, ఫోన్ నిండిందని ముందు తీసేసేదే గసుంటి యాప్. వాట్సాప్ ఫొటోలు మాత్రం ముట్టరు.

పేపర్_పక్కా
800 పాటలన్నరు. హక్కులు ఎవరివి? ఇది తేలకుంటే పైన లెక్కలన్నీ ఉత్తవే.

జానపదం అంటే ఎవరిదీ కాదు అనుకుంటరు. తరతరాల నుంచి వస్తున్న బాణీ, మాట ఎవరి సొత్తూ కాదు, నిజమే. గాని ఆ పాటను ఒక స్టూడియోల పాడించి రికార్డు చేస్తే ఆ రికార్డుకు వేరే హక్కు పుడుతది. విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏండ్లు. అంటే 1964లో వచ్చిన రికార్డు 2024 డిసెంబర్ 31తోనే స్వేచ్ఛ అయింది. ఇయ్యాల యూట్యూబ్‌ల ఉన్న జానపద వీడియోలు చాలా మటుకు ఆ గీత దాటలేదు. కాబట్టి అక్కడి నుంచి దింపి మన యాప్‌ల పెడ్తమంటే అది దొంగతనమే.

పాట రాసినాయన పేరు తెలిసిందంటే అది జానపదం కాదు, ఆయన పాట. రాసినాయన పోయినంక కూడా 60 ఏండ్లు హక్కు ఉంటది. మన ఉమ్మడి నల్లగొండ జిల్లా కవి సుద్దాల హనుమంతు 1982లో కాలం చేసిండ్రు. ఆయన రాసిన పాటలకు 2042 చివరిదాంక హక్కు వారసులదే. ఊరూరా పాడుతున్నరు కదా అని యాప్‌ల పెట్టనీకి లేదు.

"రేడియోలకు కాపీరైట్ చట్టంలో తప్పనిసరి లైసెన్సు ఉన్నది, సెక్షన్ 31డి కింద మనమూ తీసుకోవచ్చు" అని ఒకరు తప్పకుండా అంటరు. 2019 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు టిప్స్ (పాటల కంపెనీ)–వింక్ కేసుల అది ఇంటర్నెట్ సర్వీసులకు వర్తించదని తేల్చేసింది. పాట యజమానితోని కూర్చొని మాట్లాడుకునుడు ఒక్కటే దారి.

పాలమూరు_పాట
పాతవి తీసుకునే ఆలోచన లేదు. కళాకారులను పిలిచి కొత్తగా రికార్డు చేస్తం. అప్పుడు?

పేపర్_పక్కా
అప్పుడు మంచిదే. కాయితం మాత్రం గట్టిగ ఉండాలె. నోటిమాట ఒప్పందం చెల్లదు, రాసి సంతకం చెయ్యాలె. ఏ పాటలు, ఎన్నేండ్లు, ఎంత ప్రాంతం, ఎంత డబ్బు అన్నవి అందుల ఉండాలె. ఎన్నేండ్లో రాయకుంటే చట్టం 5 ఏండ్లనే అనుకుంటది. ప్రాంతం రాయకుంటే భారతదేశం వరకే. అంటే దుబాయ్‌ల ఉన్న మనోడు వింటే ఆ హక్కు మీకు లేదు. హక్కు తీసుకొని ఏడాదిలోపు వాడకుంటే అది తిరిగి వాళ్లకే పోతది, వేరే తీరుగ రాసుకుంటే తప్ప. రికార్డింగ్‌లన్నీ ఒక్కసారే చేసి రెండేండ్లు మూలకు పడేసేటోళ్లు ఇక్కడనే పోతరు.

పాడినామె ఒక్కదానితోనే సంతకం తీసుకుంటే సరిపోదు. డప్పు, డోలు, తాళం, వంత పాడినోళ్లు అందరూ ప్రదర్శకులే, అందరికీ హక్కు ఉంటది. ఒగ్గు బృందం అంటే అయిదారుగురు, అయిదారు సంతకాలు. వేలిముద్ర అయితే ఇద్దరు సాక్షులు, కాయితంల ఉన్నది తెలుగుల చదివి వినిపించినట్టు ఒక వాక్యం.

నాగర్‌కర్నూల్_నర్సి
కాయితం అనంగనే సగం మంది కళాకారులు లేచి పోతరు. "భూమి కాయితమా?" అని అడుగుతరు.

పేపర్_పక్కా
అందుకే ఒక పేజీల, పెద్దక్షరాలల్ల, తెలుగుల. ఇంగ్లీషుల నాలుగు పేజీలు పెడితే లేచి పోవుడే నయం వాళ్లకు.

నల్లగొండ_సౌండ్స్
కీప్యాడ్ ఫోన్‌కు నంబర్ కొడితే పాట అన్నరు. దాని సౌండు సంగతి ఎవరూ ఎత్తలేదు.

మామూలు ఫోన్ కాల్ల 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పోతది. డప్పు దెబ్బలోని దిమ్ము దానికి కిందనే ఉంటది, గజ్జెల మెరుపు దానికి పైన ఉంటది. రెండూ పోతయి. మిగిలేది గొంతు, డప్పు మీది చప్పుడు. పైగా ఫోన్ కోడెక్‌లు (సౌండును కుదించి పంపేవి) మనిషి మాట కోసం చేసినవి, రెండు మూడు వాయిద్యాలు కలిసి మోగితే గరగర చేస్తయి. "ఇప్పుడు వోల్టీఈ (4జీ మీద నడిచే కాల్) కదా, హెచ్‌డీ వాయిస్" అంటరు. ఫోన్ హెచ్‌డీయే కావచ్చు, మీ సర్వరు కాడికొచ్చే పీఆర్ఐ లైను (ఒకేసారి చాలా కాల్స్ పట్టే లైను) పాత 8 కిలోహెర్ట్జ్ లెక్కనే నడుస్తది. ఎంత మంచి ఫోన్ అయినా అక్కడ గొంతు పిసుకుడే.

చెయ్యాలంటే కాల్ కోసం వేరే మిక్సు చెయ్యాలె. గొంతు పైకి, డోలు 6 డెసిబెల్స్ కిందికి, 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ నడుమ కొంచెం ఎత్తి, కంప్రెషన్ ఏసి, మోనో 8 కిలోహెర్ట్జ్ 16 బిట్ వేవ్ ఫైలు. యాప్‌ల పెట్టిన ఎంపీ3నే లైనుకు తగిలిస్తే వినేటోడు ఫోన్ ఖరాబయిందనుకుంటడు.

ఒక్క గొంతు పాటలు, కథ చెప్పుడు ఫోన్ కాల్ల నయంగనే వినొస్తది. డీజే, కోలాటం అసలు వద్దు.

లెక్కల_మాస్టర్
కాల్ ఖర్చు కూడా. మిస్డ్ కాల్ ఇస్తే మనమే తిరిగి చేసే పద్ధతైతే నిమిషానికి అర్ధరూపాయి అనుకుందాం. రోజుకు 15 నిమిషాలు, నెలకు 450 నిమిషాలు, 225 రూపాయలు. ఆయన ఇచ్చేది 29.

ఆయనే మనకు కొడితే మనకు నిమిషం ఖర్చు లేదు, ఆయనకూ అన్‌లిమిటెడ్ ప్యాకే. గాని ఒక పీఆర్ఐ లైనులో 30 గొంతులే పడతయి. ఒక్కొక్కరు 15 నిమిషాలు వింటే గంటకు 120 మంది. రాత్రి 8 గంటలకు 31వ మనిషికి బిజీ టోన్. నాలుగు రోజులు బిజీ వస్తే అయిదో రోజు కొట్టడు.

ఊరి_ఎఫ్ఎం
మిస్డ్ కాల్ రేడియో నడువదని అప్పుడే తీర్మానం చెయ్యకుర్రి. హిందుస్తాన్ యూనిలీవర్ 2013లో బీహార్‌ల అదే చేసింది, కాన్ ఖజూరా టేసన్ పేరుతోని. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి కాల్ వస్తది, 15 నిమిషాలు పాటలు, జోకులు, నడుమ సబ్బుల యాడ్‌లు. కరెంటు, టీవీ లేని ఊర్లల్ల అది దుమ్ము లేపింది.

లెక్కల_మాస్టర్
దుమ్ము లేపింది, ఒప్పుకుంట. వినేటోడు పైసా కట్టలేదు, సబ్బు కంపెనీ కట్టింది. అప్పటికి జియో లేదు, అది 2016 సెప్టెంబర్‌ల వచ్చింది. నిమిషం నిమిషానికి పైసలు కోసే రోజులవి, "ఉచిత కాల్" అంటేనే పండుగ. ఇప్పుడు ఉచిత కాల్‌కు ఆ విలువ లేదు.

ఊరి_ఎఫ్ఎం
డేటా లేనోళ్లు ఇంకా ఉన్నరు. 2024 డిసెంబర్‌ల ట్రాయ్ (టెలికం నియంత్రణ సంస్థ) రూలు మార్చి డేటా లేకుండ కాల్స్, ఎస్ఎంఎస్‌లకే ప్యాకులు పెట్టాలని ఆపరేటర్లకు చెప్పింది. గిరాకీ లేకుంటే ఆ రూలు ఎందుకు? ముసలోళ్లు, గొర్రెల కాపరులు, కూలికి పోయేటోళ్లు వీళ్లే. సబ్బు కంపెనీ రాకపోవచ్చు గాని మిర్యాలగూడ విత్తనాల దుకాణం, బతుకమ్మ ముందు బట్టల షాపు, చిట్‌ఫండ్ వస్తయి కదా.

గడియారం_సెంటర్
బట్టల షాపోడు గోడ మీద బోర్డుకు ఇస్తడు, లోకల్ కేబుల్‌కు ఇస్తడు. ఫోన్‌ల వినిపించే యాడ్‌కు ఎన్ని చీరలు అమ్ముడుపోయినయో చూపియ్యి అంటడు. చూపియ్యగలవా?

ఊరి_ఎఫ్ఎం
చూపియ్యొచ్చు. "ఈ కోడ్ చెప్తే 50 రూపాయలు తక్కువ" అని పాట నడుమ చెప్పు. కోడ్ చెప్పినోళ్లను షాపోడే లెక్కబెట్టుకుంటడు.

దేవరకొండ_తండా
అందరూ బతుకమ్మ, ఒగ్గు కాడనే తిరుగుతున్నరు. లంబాడీ పాటలు వేరే లెక్క. దేవరకొండ, అచ్చంపేట తండాల మాటే మహారాష్ట్ర యవత్‌మాల్ దిక్కు, కర్ణాటకల కూడా నడుస్తది. యాస కొంచెం మారుతది, పాట అర్థమైతది. తెలుగు జానపదం తెలంగాణల ఆగిపోతే గోర్ బోలి (లంబాడీ మాట) పాట మూడు రాష్ట్రాలల్ల నడుస్తది. తీజ్ పాటలు, పెండ్లి పాటలు, సేవాలాల్ భజనలు. పాటల పేర్లు తెలుగు లిపిల, దేవనాగరిల రెండింట్ల పెట్టాలె, ఆ బాషకు సొంత లిపి లేదు గనుక ఒక్క లిపిల పెడితే పక్క రాష్ట్రమోడికి కనపడదు. 800 పాటలల్ల వీటికి 20 పెట్టి మూలకు నెట్టకుర్రి.

పాలమూరు_పాట
ఇది లెక్కలకు తీసుకున్న. ఒక ప్రశ్న. యాప్, కాల్ రెండూ పక్కకు పెట్టి, పాటలన్నీ పంపిణీ కంపెనీల ద్వారా పెద్ద యాప్‌లన్నిటికి ఎక్కిస్తే?

నల్లగొండ_సౌండ్స్
అదే సులువు. స్టీరియో వేవ్, 16 బిట్ 44.1 కిలోహెర్ట్జ్. కవర్ బొమ్మ 3000 బై 3000 పిక్సెల్స్, దాని మీద ఫోన్ నంబర్, యూట్యూబ్ గుర్తు ఉంటే తిప్పి పంపుతరు. ఒక్కో రికార్డింగ్‌కు 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్, పంపిణీ కంపెనీయే ఇస్తది. గట్టిగ వినపడాలని లిమిటర్‌తోని నలిపి పంపకుర్రి. స్పాటిఫై, యూట్యూబ్ ఎట్లనూ మైనస్ 14 లఫ్స్ (సౌండు గట్టితనం కొలత) దగ్గరికి తగ్గిస్తయి, నలిపిన డోలు చచ్చిన డోలు లెక్కనే వినపడుతది.

పేపర్_పక్కా
ఒక పేచీ. యూట్యూబ్ కంటెంట్ ఐడీకి (పాటను గుర్తుపట్టి క్లెయిమ్ ఏసే పద్ధతి) పాట ఇచ్చేటప్పుడు పాత బాణీ ఉన్న వాటిని ఇయ్యకుర్రి. అదే బాణీ ఇంకొకరు పాడితే వాళ్ల వీడియో మీద మీ క్లెయిమ్ పడొచ్చు, రేపు వాళ్లది మీ మీద పడొచ్చు. బతుకమ్మ తొమ్మిది రోజులల్లనే ఈ కొట్లాట ఎక్కువ, తేలేవరకు పండుగ అయిపోతది.

కోడ్_కొట్టు
కాలర్ ట్యూన్ మీద ఆశ పెట్టుకోకుర్రి కూడా. జియో ట్యూన్స్ ఉచితంగ ఇచ్చినంక నెలకు 30 కట్టి పాట పెట్టుకునేటోళ్లు తగ్గిండ్రు. పైగా 2013 నుంచి ట్రాయ్ రూలు: కస్టమర్ రెండుసార్లు ఒప్పుకుంటేనే ఇసుంటి సర్వీసు మొదలు పెట్టాలె, 155223కు చెప్తే తీసెయ్యాలె. అంతకుముందు తెలియకుండ మొదలయ్యే చందాలతోనే సగం దందా నడిచింది.

పాలమూరు_పాట
పంపిణీ కంపెనీకి ఇస్తే పాట మళ్ల అదే సముద్రంల పడుతది. దొరుకుడు సమస్య తీరదు. డీజే రీమిక్సు కింద మునిగే ఉంటది.

ఒగ్గు_డోలు
ఇంత సేపు చదివిన. అందరూ అయిదు నిమిషాల పాట గురించే మాట్లాడుతున్నరు. అయిదు నిమిషాల పాటకు యూట్యూబ్ చాలు, దానితోని పోటీ పడి గెలిచేది లేదు. దొరకనిది కథ. మల్లన్న కథ, ఎల్లమ్మ కథ, బీరప్ప కథ, చిందు యక్షగానం. రాత్రంత నడిచేవి. యూట్యూబ్‌ల మూడు గంటల వీడియో పెడ్తరు. ఏమైతది? నడుమ యాడ్ పడుతది, స్క్రీన్ ఆర్పితే ఆగుతది. నల్లమల అంచున, గుట్టల మీద సిగ్నల్ ఉండది, గొర్లు మేపేటోడికి వినపడది. ఆ మనిషే కథకు అసలు శ్రోత. ఆయన చేతుల ఉన్నది కీప్యాడ్ ఫోన్, దాంట్ల మెమరీ కార్డు.

కథను 48 కేబీపీఎస్ మోనోల పెడితే గంటకు 21.6 ఎంబీ, మూడు గంటలకు 65. యాప్ ఉన్నోడు ఒకసారి ఊర్ల సిగ్నల్ ఉన్నకాడ దింపుకుంటే గుట్ట మీద నడుస్తది. 20–25 నిమిషాల భాగాలుగ కొయ్యాలె, కోసేది ఎక్కడంటే అక్కడ కాదు, డోలు మీద దరువు మారిన కాడ. ఆపిన కాడి నుంచే మళ్ల మొదలు కావాలె.

కోడ్_కొట్టు
ఆపిన కాడి నుంచి మొదలు పెట్టుడు చిన్న పని, ప్రతి 5 సెకండ్లకు స్థానం రాసుకుంటే చాలు. ఇది నాకు నచ్చింది. 40 కథలు చాలు, 800 పాటలు అక్కర్లేదు.

నల్లగొండ_సౌండ్స్
రికార్డింగ్ మాత్రం పాట కంటే కష్టం. రాత్రి ప్రదర్శన కాడ చేస్తే జనం, మైక్ సెట్టు కూత, జనరేటర్. పగలు, మూసిన హాల్ల, పది పదిహేను మంది వినేటోళ్లను కూర్చోబెట్టి చేస్తే కథకుడికి ఊపు వస్తది. ఖాళీ స్టూడియోల ఒగ్గు కథ చెప్పమంటే చప్పగ వస్తది. 48 కిలోహెర్ట్జ్ 24 బిట్, అన్నిటికంటే గట్టి దెబ్బ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండ. కథకుడికి కాలర్ మైకు, డోలుకు విడిగ డైనమిక్ మైకు ఒక జానెడు దూరంల. గొంతు ట్రాక్‌కు 80 హెర్ట్జ్ కింద కొయ్యండి, డోలు ట్రాక్‌కు మాత్రం ముట్టకుర్రి. ట్యూబ్‌లైట్లు, ఫ్యాన్లు బంద్. బ్యాటరీ మీద నడిచే రికార్డరే వాడుర్రి, నడుమ కరెంటు పోతే రెండు గంటల కథ మళ్ల మొదటి నుంచి చెప్పరు.

లెక్కల_మాస్టర్
కథ అయినా పైసలు ఎట్ల? 29కి మళ్ల అదే లెక్క.

ఒగ్గు_డోలు
నెల చందా తీసెయ్యి. యాప్‌ల అయినా, మెమరీ కార్డుల ఏసిచ్చినా కథకు ఇంత అని అమ్ము. ప్రతి భాగం మొదట్ల కథకుడి పేరు, ఊరు, "మీ ఇంట్ల పట్నం (మల్లన్న పూజకు ఏసే ముగ్గు) ఏయించుకోవాలంటే ఈ నంబర్" అని చెప్పించు. ఒగ్గోళ్లకు కార్డు అమ్ముకుంటే వచ్చేది చిల్లర, పట్నాలకు, బోనాలకు పిలుపులే అసలు బతుకు. పిలుపు మీ నంబర్ ద్వారా వస్తే అందులో కొంత మీది. కార్డు పది మంది కాపీ చేసుకున్నా మీకే లాభం, నంబర్ పది ఊర్లకు పోతది.

పేపర్_పక్కా
కాపీ చేసుకోవచ్చని కాయితంల కళాకారుడితోని రాయించుకోవాలె, లేకుంటే ఆయన రాయల్టీ అడుగుతడు. పిలుపుల మీద వాటా ఎంతో కూడా ముందే రాసుకోవాలె. తర్వాత కొట్లాట వచ్చేది అక్కడనే.

లెక్కల_మాస్టర్
నెల చందా కంటే ఇది నయం. ఒక్కసారి కట్టే 20, 30 అయితే యూపీఐల నేరుగ తీసుకోవచ్చు. నెలనెలా ఆటోపే అయితే పైసలు పోయే 24 గంటల ముందు మెసేజ్ పోతది, ఖాతాల పైసలు లేకుంటే ఫెయిలైతది, సగం మంది మెసేజ్ చూసి రద్దు కొడ్తరు. గాని కోడ్_కొట్టు, యాప్ లోపల నేరుగ యూపీఐ పెట్టనిస్తదా గూగుల్?

కోడ్_కొట్టు
డిజిటల్ వస్తువు యాప్ లోపల అమ్మితే వాళ్ల బిల్లింగ్ ఉండాల్సిందే. దాని పక్కన మన బిల్లింగ్ పెట్టుకునే పద్ధతి ఉన్నది, దాంట్ల కోత 4 శాతం తగ్గి 11 అయితది. కథను వెబ్‌సైట్‌ల అమ్మి, యాప్‌ల వినే వీలు మాత్రమే పెడితే కోత లేదు. ఇంకోటి, కొత్తగ వ్యక్తిగత ఖాతా తెరిస్తే యాప్ విడుదలకు ముందు 12 మందితో 14 రోజులు ఆపకుండ పరీక్ష చేయించాలె. బతుకమ్మకు ముందు వారం యాప్ ఎక్కిద్దామంటే అయ్యే పని కాదు.

దేవరకొండ_తండా
కథలంటే గొర్ల కాపరులకే కాదు. సేవాలాల్ కథ కూడా రాత్రంత చెప్తరు. జర గుర్తు పెట్టుకోర్రి.

ఊరి_ఎఫ్ఎం
కాల్ నంబర్ పూర్తిగ తీసెయ్యకుర్రి. కథ మొదటి పది నిమిషాలు ఫోన్‌ల వినిపించి, మిగతాది కార్డుల అని చెప్తే? ఒక్కటే గొంతు కాబట్టి నల్లగొండ_సౌండ్స్ చెప్పిన సౌండు బాధ కూడా తక్కువ. పది నిమిషాలకే ఆగుతది గనుక ఒక పీఆర్ఐలనే గంటకు 180 మంది.

గడియారం_సెంటర్
ఇగో ఇప్పుడు దుకాణంల అమ్మే వస్తువు అయింది. పెద్దగట్టు జాతర రెండేండ్లకోసారి, కురుమూర్తి జాతర కార్తీకంల, చెర్వుగట్టు జాతర మాఘంల. కార్డులు జాతర ముందు పదిహేను రోజులకు దుకాణాలల్ల ఉండాలె, జాతర నాడు రోడ్డు మీద ఎవ్వరూ కార్డు ఏయించుకోరు. 8 జీబీ కార్డు చాలు, 48ల మూడువందల గంటలకు పైనే పడుతది. మిగిలిన జాగల వాళ్ల సొంత పాటలు ఏసుకుంటరు, ఏసుకోనియ్యి.

పాలమూరు_పాట
కార్డు తయారీల ఏం పైలం ఉండాలె? కీప్యాడ్ ఫోన్‌ల తెలుగు పేర్లు వస్తయా?

గడియారం_సెంటర్
చాలా వాటిల్ల డబ్బాలు డబ్బాలుగ వస్తది. ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాలల్ల, ముందు 01, 02 అని అంకె. ఉత్త 1, 2 పెడితే 1 తర్వాత 10 నడుస్తది, కథ తలకిందులు. కార్డు ఫ్యాట్32ల ఫార్మాట్ చెయ్యాలె. 64 జీబీ కార్డు ఎక్స్‌ఫ్యాట్‌ల వస్తది, కీప్యాడ్ ఫోన్ల "కార్డు లేదు" అంటది, అందుకే 32 దాటొద్దు. ఎంపీ3 మాత్రమే, ఎం4ఏ చాలా వాటిల్ల నడువది. వేరియబుల్ బిట్‌రేట్ కాకుండ స్థిరంగ పెట్టు, లేకుంటే నిమిషాలు తప్పు చూపెడ్తది, ముందుకు జరిపితే ఎక్కడికో దుంకుతది. ఒక్కో కథ ఒక్కో ఫోల్డర్, ఫోల్డర్ల లోపల మళ్ల ఫోల్డర్లు పెట్టకు.

నల్లగొండ_సౌండ్స్
దానికి తోడు, కీప్యాడ్ ఫోన్ స్పీకర్ చిన్నది, డోలు దిమ్ము అసలు రాదు. కార్డు మిక్సు చేసినంక మానిటర్ల మీద కాదు, ఆ ఫోన్‌లనే పెట్టి, బయట చెట్టు కింద ఒక భాగం మొత్తం వినుర్రి.

నాగర్‌కర్నూల్_నర్సి
కిన్నెర కథ కూడా పెట్టుర్రి. మా జిల్లా మొగులయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చినంకనే పన్నెండు మెట్ల కిన్నెర అంటే ఏందో మందికి తెలిసింది. అది ఎట్ల వినపడుతది ఆ చిన్న స్పీకర్ల?

నల్లగొండ_సౌండ్స్
కిన్నెరకు ఇబ్బంది లేదు. గొంతుతో పాటే నడిచే తీగ, ఫోన్ స్పీకర్ల తేటగ వస్తది. సొరకాయ బుర్రల కాడ కాకుండ తీగ మీటే కాడికి మైకు తిప్పు, అంతే.